ఆ సామెత ఎవరు, ఎవరితో అన్నారు? ఇటలీ సామెతల మీద ప్రసంగ పాఠం

(సభకు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైపు చేసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరసలవాళ్ళకి వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి, మొహమాటపడొద్దు.

ఇటలీ సామెతల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. నేను బొలోనాలో కొన్నేళ్ళు ఉద్యోగం చేసి వచ్చినవాణ్ణి, అంతే. భాషాశాస్త్రం చదవలేదు. కూరగాయల బజారులో, బస్టాపులో, మా ఇంటి ఓనరమ్మ దగ్గర విని నేర్చుకున్న సామెతలివి. అద్దె ఆలస్యమైతే ఆవిడ ఒక సామెత చెప్పేది, ముందే ఇస్తే ఇంకో సామెత చెప్పేది. ఇప్పుడు నేను ఓ వంద సామెతలు వరసగా చదివేసి, "చూశారా, మనవీ వాళ్ళవీ ఒకటే" అని కూర్చోవచ్చు. మీరూ నవ్వుకుని ఇళ్ళకి వెళ్ళొచ్చు. కానీ నన్ను ఎప్పుడూ తొలిచే ప్రశ్న ఒకటుంది. దాన్నే పట్టుకుని వచ్చాను. ఏ సామెత విన్నా సరే, దాన్ని ఎవరు అన్నారు? ఎవరితో అన్నారు? అలా అనుకుంటే ఎవరికి లాభం?

ఒక సామెతతో మొదలుపెడతాను. ఇటలీలో చిన్నపిల్లలకి కూడా తెలిసిందే. "అల్ కొంతదీనో నోన్ ఫార్ సపేరె క్వాంతో ఏ బువోనో ఇల్ ఫొర్మాజ్జో కోన్ లె పేరె." పియర్ పండుతో కలిపి చీజ్ తింటే ఎంత బాగుంటుందో రైతుకి మాత్రం తెలియనివ్వకు. అదీ సామెత.

ఏమిటిది? వినగానే తమాషాగా ఉంది. కానీ ఆలోచించండి. చీజ్ తయారుచేసేది ఎవరు? రైతు. పియర్ చెట్టుకి నీళ్ళు పోసేది ఎవరు? రైతు. మరి ఆ రెండూ కలిపి తింటే బాగుంటుందని రైతుకే తెలియకూడదట! ఎవరు చెప్తున్నారు ఈ మాట? రైతు చెప్పడు కదా. భూమి ఉన్నవాడు ఇంకో భూమి ఉన్నవాడితో చెప్తున్నాడు.

దీని వెనక ఉన్న పద్ధతి తెలిస్తే సంగతి బోధపడుతుంది. మధ్య ఇటలీలో టస్కనీ, ఉంబ్రియా, ఉత్తరాన ఎమీలియా లాంటి ప్రాంతాల్లో వందల ఏళ్ళు సాగిన వ్యవసాయ పద్ధతిని 'మెత్సద్రియా' అనేవాళ్ళు. భూమి, ఇల్లు ఆసామివి. చాకిరీ రైతు కుటుంబానిది. పంటలో సగం ఆసామికి, సగం రైతుకి. మన వైపు కూడా పంటలో సగం లెక్కన పొలం చేసినవాళ్ళు ఉన్నారు, మీలో పెద్దవాళ్ళకి తెలుసు. ఆ సగం పంచేటప్పుడే అసలు కథ. గోధుమలు కొలిచి పంచొచ్చు. ద్రాక్షరసం పీపాల్లో లెక్కపెట్టొచ్చు. పళ్ళు? చెట్టు మీద ఎన్ని కాశాయో, ఎన్ని రాలాయో, పిల్లలు ఎన్ని తిన్నారో ఎవడు లెక్క పెడతాడు? అందుకే ఆసామికి గుబులు. వీడికి రుచి తెలిస్తే నా వాటా తగ్గుతుంది.

ఇంకో ముడి కూడా ఉంది. పాత రోజుల్లో చీజ్ అంటే గొర్రెల కాపరుల తిండి, మోటు తిండి. పియర్ పండు దొరల తిండి. ఎందుకని? అది చెట్టు నుంచి దింపాక ఎక్కువ రోజులు ఉండదు. కడుపు నింపుకోవడానికి పండించేది కాదు, తోట ఉన్నవాడు సరదాగా తినేది. ఆ మోటు తిండి ఈ నాజూకు పండు పక్కన చేరి దొరల బల్ల ఎక్కింది. ఎక్కాక, అది మొదట ఎవరి తిండో వాళ్ళకే ఆ రుచి తెలియకూడదని సామెత పుట్టింది. చూడండి ఎంత దొంగతనమో!

కానీ రైతులు ఊరుకోలేదు. ఈ సామెతకి వాళ్ళు తోక తగిలించారు. "రైతేమీ వెధవ కాదు, ఆసామి కన్నా ముందే వాడికి తెలుసు" అని. అసలు మాట ఇంకొంచెం పచ్చిగా ఉంటుంది, సభలో ఆడవాళ్ళు, పిల్లలు ఉన్నారు కాబట్టి వెధవ దగ్గర ఆపాను. 1964లో చట్టం చేసి కొత్తగా మెత్సద్రియా ఒప్పందాలు రాసుకోవడం నిషేధించారు. పద్ధతి పోయింది. సామెత పోలేదు. ఇప్పుడు రెస్టారెంట్లలో తేనె చుక్క వేసి పియర్ ముక్కలూ చీజూ ప్లేటులో పెట్టి ఇస్తారు, వెయిటర్ ఈ సామెత చెప్తాడు, అందరూ నవ్వుతారు.

ఇక వాళ్ళ సామెతల నడక గురించి. ఇటాలియన్ మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి, మన మాటల్లాగే. అందుకని ప్రాస ఊరికే కలిసిపోతుంది. "కీ వా పియానో, వా సానో ఎ వా లొంతానో." నెమ్మదిగా వెళ్ళేవాడు క్షేమంగా వెళ్తాడు, దూరం వెళ్తాడు. పియానో, సానో, లొంతానో. ఒకసారి వింటే మర్చిపోగలరా? "త్రా ఇల్ దీరె ఎ ఇల్ ఫారె చె దీ మెత్సో ఇల్ మారె." చెప్పడానికీ చెయ్యడానికీ మధ్య సముద్రముంది. దీరె, ఫారె, మారె. మూడు వైపులా సముద్రం ఉన్న దేశంవాళ్ళు కదా, దూరం అనగానే సముద్రమే గుర్తొస్తుంది.

ఈ ప్రాస సోకు కోసం వచ్చింది కాదు. ఇటలీ ఒకే దేశమైంది 1861లో. అప్పుడు నూటికి 75 మందికి పైగా చదవడం, రాయడం రానివాళ్ళు. ఇంకో సంగతి వింటే ఆశ్చర్యపోతారు. ఆ ఏడు ఇటాలియన్ మాట్లాడగలిగినవాళ్ళు నూటికి రెండున్నర మందేనని తుల్లియో దె మౌరో అనే భాషాశాస్త్రవేత్త లెక్క కట్టాడు. మిగతావాళ్ళు ఏం మాట్లాడేవాళ్ళు? వెనీస్‌వాళ్ళు వెనీషియన్, నేపుల్స్‌వాళ్ళు నియాపోలిటన్, సిసిలీవాళ్ళు సిసిలియన్. ఒకళ్ళ మాట ఇంకొకళ్ళకి సరిగ్గా అర్థం కాదు. కాబట్టి ఇటలీ సామెత అని మనం తేలిగ్గా అనేస్తాం కానీ, చాలావాటికి ఊరు ఉంది, యాస ఉంది.

వెనీస్ వాళ్ళదొకటి నాకు చాలా ఇష్టం. చిల్లు కన్నా మాసికే అసహ్యంగా ఉందట. అంటే తప్పు చిన్నదే, దాన్ని కప్పిపుచ్చబోయి చేసిన పని పెద్ద తప్పు. మన ఆఫీసుల్లో, మన రాజకీయాల్లో రోజూ చూస్తున్నాం కదా ఈ మాసికలు! నేపుల్స్‌వాళ్ళేమో, ప్రతి బొద్దింకా వాళ్ళమ్మకి అందగాడే అంటారు. ఇది మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఏమంటాం? అదీ, కాకి పిల్ల కాకికి ముద్దు. వాళ్ళు బొద్దింక దాకా వెళ్ళారు, మనం కాకి దగ్గర ఆగాం.

ఈ యాసల సామెతల్ని పోగుచేసినవాళ్ళలో ఒకాయన గురించి చెప్పాలి. జుసెప్పె పిత్రే. సిసిలీ దీవిలోని పాలెర్మో నగరంలో డాక్టరు. 1841లో పుట్టి 1916లో పోయాడు. రోగుల్ని చూడటానికి ఇంటింటికీ తిరిగేవాడు, జాలరుల ఇళ్ళకి, కూలీల ఇళ్ళకి. నాడి చూస్తూ మాటలు వినేవాడు. పాటలు, కథలు, సామెతలు, నాటు వైద్యాలు, అన్నీ రాసుకున్నాడు. ఆయన సిసిలీ సామెతల సంకలనం 1880లో నాలుగు సంపుటాలుగా వచ్చింది. మన తెలుగులో కార్ అనే కెప్టెన్ సామెతలు పోగుచేసి మద్రాసులో అచ్చువేసింది 1868. చూడండి, పన్నెండేళ్ళ తేడా. కానీ కార్ దొర పాలించేవాడి వైపు నుంచి వచ్చాడు, పిత్రే మంచం పక్కన కూర్చున్నాడు. రెండూ మేలైన పనులే, కానీ సామెత చెప్పేవాడు డాక్టరు ముందు ఒకలా, దొర ముందు ఒకలా చెప్తాడని నా అనుమానం.

సరే. కాలం సామెతల దగ్గరికి వద్దాం. వీటిలో ఎవరి స్వార్థమూ ఉండదని మీరు అనుకుంటారు. చూద్దాం.

డిసెంబర్ 13 సాంతా లుచియా పండగ. సిరక్యూస్ పట్టణపు సాధ్వి, కళ్ళజబ్బులవాళ్ళు మొక్కుకునే దేవత. సామెత ఏమంటుందంటే, సాంతా లుచియా రోజు, ఏడాదిలో అన్నిటికన్నా చిన్న పగలు. మరి మన లెక్క ఏమిటి? ఏడాదిలో చిన్న పగలు ఎప్పుడు? కాలేజీ పిల్లలు చెప్పండి. ఆ, డిసెంబర్ 21, 22. మరి సామెత తప్పా? తప్పు కాదు. సామెత పాతది, క్యాలెండర్ మారింది. పాత జూలియన్ క్యాలెండర్ శతాబ్దాల తరబడి సూర్యుడి కన్నా వెనకపడుతూ వచ్చింది. 1582లో పోప్ గ్రెగొరీ దాన్ని సరిచేశాడు. అక్టోబర్ 4 తర్వాత రోజుని 5 అనకుండా 15 అన్నారు. పది రోజులు ఒక్క రాత్రిలో మాయం! అంతకు ముందు, 1300ల కాలంలో, చిన్న పగలు నిజంగానే డిసెంబర్ 13 దగ్గర పడేది. పోప్ శాసనం రోజుల్ని మార్చగలిగింది కానీ ముసలమ్మల నోట్లో ఉన్న ప్రాసని మార్చలేకపోయింది. నాలుగు వందల ఏళ్ళు దాటినా ఇటలీలో అమ్మమ్మలు అదే చెప్తున్నారు.

మంచు కింద రొట్టె, వాన కింద ఆకలి. ఇది ఉత్తరాది రైతులది. శరదృతువులో గోధుమ చల్లుతారు. మొలక మీద మంచు పరుచుకుంటే అది దుప్పటిలా కప్పి గడ్డకట్టే చలి నుంచి కాపాడుతుంది. తర్వాత మెల్లగా కరిగి నేలలోకి ఇంకుతుంది. అదే చలికాలమంతా వాన పడితే వేళ్ళు కుళ్ళిపోతాయి. దీన్ని రైతు రైతుకే చెప్పాడు, ఇందులో నాకు పేచీ లేదు.

కానీ నవంబర్ 11 చూడండి. సాన్ మార్తీనో పండగ. ఆ రోజుకి తొక్కిన ద్రాక్షరసమంతా వైన్ అవుతుందని సామెత. కొత్త వైన్ రుచి చూస్తారు, చెస్ట్‌నట్లు కాల్చుకు తింటారు. ఈ మార్టిన్ ఎవరు? రోమన్ సైనికుడు. చలిలో వణుకుతున్న బిచ్చగాడిని చూసి తన పైవస్త్రాన్ని కత్తితో రెండు ముక్కలు చేసి సగం ఇచ్చాడని కథ. ఇవ్వగానే ఎండ కాసిందట. అందుకే నవంబర్‌లో నాలుగు రోజులు వెచ్చబడితే సాన్ మార్తీనో వేసవి అంటారు, మూడు రోజులూ ఇంకాస్తా ఉంటుందని దానికీ ఒక ప్రాస ఉంది. బాగుంది కదా, దయ, ఎండ, వైన్. కానీ అదే రోజు ఇంకొకటి జరిగేది. ఉత్తర ఇటలీలో 'పో' అనే నది లోయలో వ్యవసాయ ఒప్పందాల గడువు ఆ రోజుతో ముగిసేది. ఒప్పందం తిరిగి రాయకపోతే రైతు కుటుంబం మంచాలు, కుండలు, కోళ్ళు, పిల్లలు బండికెత్తుకుని ఇంకో ఊరికి పోవాలి. ఇప్పటికీ అక్కడ ఇల్లు మారడాన్ని సాన్ మార్తీనో చేయడం అంటారు. బిచ్చగాడికి సగం బట్ట ఇచ్చిన సాధువు పేరు మీద, సగం పంట ఇచ్చినవాడిని రోడ్డు మీదకి పంపేవాళ్ళు. ఆసామికి ఆ రోజు వైన్ పండగ, కౌలువాడికి బండి పండగ. మా ఓనరమ్మ చిన్నప్పుడు ఆ బండి ఎక్కిందే. ఆవిడ ఇంట్లో నవంబర్ 11న వైన్ సీసా తెరవడం నేను ఎప్పుడూ చూడలేదు.

మంగళవారం సంగతి చెప్తే మీకు చుట్టం కనిపించినట్టు ఉంటుంది. "నె దీ వేనెరె నె దీ మార్తె, చీ సి స్పోజా నె సి పార్తె." శుక్రవారం, మంగళవారం పెళ్ళిళ్ళు వద్దు, ప్రయాణాలు వద్దు. మార్తె అంటే మార్స్ గ్రహం రోజు, రోమన్లకి యుద్ధ దేవుడు. మనకి మంగళవారం కుజుడిది, ఆయనా ఎర్రటివాడే, కోపిష్టే. ఇది కాకతాళీయం కాదు. వారాలని గ్రహాలకి కట్టే లెక్క గ్రీకు, రోమన్ల లోకం నుంచి మన దేశానికి వచ్చిందని చరిత్రకారులు చెప్తారు. అంటే నేపుల్స్ అమ్మమ్మా, నెల్లూరు అమ్మమ్మా మంగళవారం ప్రయాణం వద్దంటే ఇద్దరూ ఒకే పాత జ్యోతిష్యుడి మాట వింటున్నారు. శుక్రవారం దగ్గర మాత్రం దారులు విడిపోయాయి. వాళ్ళకి అది ఏసు శిలువెక్కిన రోజు. మనకి లక్ష్మీదేవి రోజు. ఆ రోజు మనం డబ్బు బయటికి ఇవ్వం కానీ కొత్త చీర కట్టుకుంటాం.

కాసేపు సరదాగా ఉండేవి చెప్తాను, బరువైనవి తర్వాత.

అతిథి చేప లాంటివాడు, మూడు రోజులకి కంపు కొడతాడు. అతిథి దేవో భవ అనే మనకి ఇది వినడానికి ఇబ్బందిగా ఉంటుంది. కానీ నిజం చెప్పండి, నాలుగో రోజు పొద్దున్న చుట్టం ఇంకా పక్క సర్దకపోతే మీరు వంటింట్లో ఏమంటారో! ఆ మూడు రోజుల గడువు కొత్తది కాదు. ప్లౌటస్ అని రెండు వేల రెండు వందల ఏళ్ళ కిందటి రోమన్ హాస్య నాటకకర్త, ఎంత స్నేహితుడైనా మూడు రోజులు వరసగా ఉంటే విసుగొస్తాడని అప్పుడే రాశాడు.

తొందరపడ్డ పిల్లి గుడ్డి పిల్లల్ని కంటుంది. ఇది ఇంకా పాతది. తూర్పు సిరియాలో యూఫ్రటీస్ ఒడ్డున మారి అనే ప్రాచీన నగరం ఉంది. అక్కడ దొరికిన మట్టి పలకల్లో ఒకటి రాజు తన కొడుక్కి రాసిన ఉత్తరం, దాదాపు 3,800 ఏళ్ళ కిందటిది. అందులో తొందరపాటుతో గుడ్డి పిల్లల్ని కన్న కుక్క సామెత ఉంది. కుక్క కాస్తా ఇటలీ చేరేసరికి పిల్లి అయింది. ఇక్కడ చిన్న అభ్యంతరం: పిల్లి తొందరపడినా పడకపోయినా పిల్లలు కళ్ళు మూసుకునే పుడతాయి. సామెతకి జంతుశాస్త్రంతో పనిలేదు, కొడుకుని కోప్పడటమే పని.

జొవాన్ని త్రపత్తోని పేరు విన్నారా? ఫుట్‌బాల్ అభిమానులు విని ఉంటారు. ఇటలీలో పేరున్న కోచ్. ఆయన నోటి నుంచి ఒక సామెత దేశమంతా పాకింది. పిల్లి సంచిలో పడకుండా పిల్లి అనకు. గెలవకముందే గెలిచామనొద్దని. తర్వాత ఐర్లాండ్ జట్టుకి కోచ్‌గా వెళ్ళి, అదే సామెతని తన ఇంగ్లీషులో అక్కడి విలేకరులకి చెప్పాడు. వాళ్ళు పిల్లి ఎక్కడ, సంచి ఎక్కడ అని బిత్తరపోయారు. మన విలేకరులకి చెప్పి ఉంటే క్షణంలో అర్థమయ్యేది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

పోపుల మీద కూడా ఉన్నాయి. ఒక పోప్ పోతే ఇంకో పోప్‌ని చేసుకుంటారు. ఎవరితో అంటారు ఈ మాట? ప్రేమ విఫలమైన కుర్రాడితో, ఉద్యోగం పోయినవాడితో. భుజం తట్టి చెప్తారు. మొన్న 2025 ఏప్రిల్ 21న పోప్ ఫ్రాన్సిస్ పోయారు, మే 8న కొత్త పోప్ లియో వచ్చారు. ఈ సందర్భంలో ఇంకో సామెత బయటికొచ్చింది. పోప్‌గా లోపలికి వెళ్ళినవాడు కార్డినల్‌గా బయటికొస్తాడు. కార్డినల్స్ అంటే కొత్త పోప్‌ని ఎన్నుకోవడానికి తలుపులేసుకుని లోపల కూర్చునే పెద్ద మతగురువులు. అంటే ముందే అందరూ ఖాయం అనుకున్నవాడికి పదవి రాదు. అలాగే జరిగింది, పత్రికలు ముందు వరసలో పెట్టిన పేరు వేరు, బాల్కనీ మీదకి వచ్చినాయన వేరు. మన పార్టీ ఆఫీసుల్లో ముఖ్యమంత్రి అభ్యర్థుల సంగతి మీకు నేను చెప్పాలా?

దయ్యం కుండలు చేస్తుంది కానీ మూతలు చెయ్యదు. ఇది నాకు అన్నిటిలోకీ గట్టిదనిపిస్తుంది. తప్పుడు పని ఎలా చెయ్యాలో దయ్యం నేర్పుతుంది, దాన్ని ఎలా దాచాలో నేర్పదు. కోర్టు వార్తలు చదివేటప్పుడల్లా నాకిది గుర్తొస్తుంది. రొట్టె ఉన్నవాడికి పళ్ళు లేవు, పళ్ళున్నవాడికి రొట్టె లేదు. కన్నడంవాళ్ళు ఇదే మాట శనగలతో చెప్తారు. పొరుగువాడి గడ్డి ఎప్పుడూ ఎక్కువ పచ్చగా ఉంటుంది. దీనికి మన పొరుగింటి పుల్లకూర ఉంది, రుచిలో మనదే పైచేయి. వాళ్ళది గడ్డి దగ్గరే ఆగిపోయింది.

ఇక బరువైనవి.

"మోల్యె ఎ బువోయి దెయి పయేజి తువోయి." భార్యనీ ఎడ్లనీ మీ ఊళ్ళోనే తెచ్చుకో. ప్రాస బ్రహ్మాండంగా ఉంది. అర్థం? ఎద్దుని దగ్గర ఊళ్ళో కొంటే దాని పుట్టుపూర్వోత్తరాలు తెలుస్తాయి, రోగం ఉందా, పొడుస్తుందా అని. అదే తర్కం భార్యకి. సంతలో పక్కపక్కన నిలబెట్టారు ఇద్దరినీ. ఎవరు ఎవరితో అన్నారు? తండ్రి కొడుకుతో అన్నాడు. ఆ అమ్మాయిని ఎవరూ అడగలేదు. నవ్వుతున్నారు సరే, మన ఇళ్ళలో మేనరికాలు ఎందుకు చేశారో కూడా ఓసారి గుర్తు చేసుకోండి. ఆస్తి బయటికి పోకూడదు, పిల్ల గుణం ముందే తెలుసు.

మొగుడూ పెళ్ళాల మధ్య వేలు పెట్టకు. ఇదీ ఉంది వాళ్ళకి. మంచి సలహాలాగే వినపడుతుంది. చిన్న చిన్న అలకల్లో మంచిదే. కానీ పక్కింట్లో నుంచి కేకలు వినపడుతున్నప్పుడు టీవీ సౌండ్ పెంచుకోవడానికి కూడా ఇదే సామెత పనికొచ్చింది. ఇటలీ శిక్షాస్మృతిలో 587వ సెక్షన్ ఒకటుండేది. కుటుంబ గౌరవం పేరుతో భార్యనో కూతురినో చెల్లెలినో చంపిన మగవాడికి శిక్ష బాగా తగ్గించేవాళ్ళు, మూడు నుంచి ఏడేళ్ళు. దాన్ని ఎప్పుడు తీసేశారనుకుంటున్నారు? 1981లో. నిన్న మొన్న. నేను సామెతే చంపిందని అనను. కానీ వేలు పెట్టొద్దని చెప్పే సామెతా, గౌరవం అని చెప్పే చట్టమూ ఒకే గదిలో కూర్చుని ఉన్నాయి అన్నేళ్ళు.

ఇప్పుడు సిసిలీ. "కూ ఏ సుర్దు, ఓర్బు ఎ తాచి, కాంపా చెంతాన్ని 'మ్పాచి." చెవిటివాడు, గుడ్డివాడు, నోరెత్తనివాడు నూరేళ్ళు ప్రశాంతంగా బతుకుతాడు. దీన్ని సిసిలీ జ్ఞానమని పాత సంకలనాల్లో వేశారు. జ్ఞానమేనా? ఒక పేద రైతు తన కొడుకుతో అంటే అది భయం. కొడుకు బతకాలని తండ్రి పడే భయం. అదే మాట మాఫియావాడు అంటే బెదిరింపు. అక్షరం మారలేదు. నోరు మారింది, అర్థం తలకిందులైంది. అందుకే మొదటి నుంచీ అడుగుతున్నాను, ఎవరు అన్నారు, ఎవరు అన్నారు అని.

ఈ సామెతని కాదన్న ఒకాయన ఉన్నాడు. లీబెరో గ్రాస్సి. పాలెర్మోలో పైజామాలు కుట్టే ఫ్యాక్టరీ నడిపేవాడు. మాఫియావాళ్ళు 'పిత్సో' అడిగారు, అంటే రక్షణ పేరుతో వసూలు చేసే మామూలు. కట్టనన్నాడు. కట్టనని ఊరుకోకుండా 1991 జనవరి 10న పత్రికలో బహిరంగ లేఖ రాశాడు, "ప్రియమైన వసూలుదారుడా" అని మొదలుపెట్టి. మాఫియా సంగతి పక్కన పెట్టండి, తోటి వ్యాపారులే ఆయన్ని ఒంటరిని చేశారు. ఎందుకు? చెవిటివాడు, గుడ్డివాడు, నోరెత్తనివాడు. నూరేళ్ళ ప్రశాంతత. ఆగస్టు 29న పొద్దున్న ఇంటి ముందు కాల్చి చంపారు.

మరుసటి ఏడు, 1992లో, మే 23న జడ్జి జొవాన్ని ఫల్కోనేని హైవే మీద బాంబు పెట్టి చంపారు. జులై 19న ఆయన స్నేహితుడు జడ్జి పావొలో బొర్సెల్లీనోని చంపారు. అప్పుడు పాలెర్మో ఆడవాళ్ళు ఏం చేశారో తెలుసా? తెల్ల దుప్పట్ల మీద ఇక చాలు అని నినాదాలు రాసి బాల్కనీలకి వేలాడదీశారు. అవి రోజూ ఉతికి ఆరేసే దుప్పట్లే. ఎవరి ఇల్లో వీధిలో అందరికీ తెలుస్తుంది, పేరు దాచుకునే వీలు లేదు. నోరెత్తకుండానే నోరెత్తారు. 2004లో ఒకరోజు పొద్దున్న నగరం గోడల నిండా చిన్న స్టిక్కర్లు కనిపించాయి. పిత్సో కట్టే జనమంతా గౌరవం లేని జనం అని. అంటించింది కుర్రాళ్ళు, కాలేజీ వయసువాళ్ళు. వాళ్ళే తర్వాత మామూళ్ళు కట్టని దుకాణాల జాబితా తయారుచేశారు, అక్కడే కొనమని జనానికి చెప్పారు. ఒక సామెత ఎన్నో తరాలు రాజ్యమేలాక దాన్ని దించడానికి లేఖ, దుప్పటి, స్టిక్కరు, ఇన్ని కావాల్సొచ్చాయి. ఇంకా పూర్తిగా దిగలేదు, అదీ నిజమే.

చివరగా వలసల గురించి. మన ఊళ్ళో ఇంటికొకరు బయటే ఉన్నారు కాబట్టి ఇది మీకు తగుల్తుంది.

పాత దారి వదిలి కొత్త దారి పట్టినవాడికి ఏం వదిలాడో తెలుసు, ఏం దొరుకుతుందో తెలియదు. ఇది ఇటలీ అంతా చెప్పుకునేది. సిసిలీవాళ్ళేమో, "కూ నేషి, అర్రినేషి" అంటారు. బయటికి పోయినవాడే బాగుపడతాడు. రెండూ ఒకే ఇంట్లో వినపడతాయి. 1876 నుంచి 1915 దాకా సుమారు కోటీ 40 లక్షల మంది ఇటలీ వదిలి వెళ్ళారు. న్యూయార్క్, బ్యూనస్ ఎయిర్స్, సావో పాలో. మొదటి సామెత చెప్పిన ముసలివాళ్ళు వీధి గుమ్మంలో ఉండిపోయారు. రెండోది చెప్పినవాళ్ళు ఓడ ఎక్కారు. నాకు అనిపించేది ఏమిటంటే, ఎవరూ సామెత విని ఓడ ఎక్కరు. ఎక్కాలని ముందే తేల్చుకుని, తర్వాత దానికి సరిపోయే సామెత వెతుక్కుంటారు. నిదానమే ప్రధానం, ఆలస్యం అమృతం విషం. మనకీ రెండూ ఉన్నాయి, అవసరం వచ్చినప్పుడు ఏది కావాలో అది తీస్తాం. కొడుకుని అమెరికా పంపాలనుకున్న తండ్రి ఒకటి తీస్తాడు, ఉండిపొమ్మనే తల్లి ఇంకోటి తీస్తుంది. ఇద్దరూ సామెతలే మాట్లాడుతున్నట్టు ఉంటారు, నిజానికి పోట్లాడుకుంటున్నారు.

ఈమధ్య సిసిలీ కుర్రాళ్ళు కొందరు పాత సామెతని తిరగేశారు. "సి రెస్తి, అర్రినేషి." ఇక్కడే ఉంటే బాగుపడతావు. దీన్ని బ్యానర్ల మీద రాసి ఊరేగింపులు చేశారు. మాకు ఉద్యోగాలు ఇక్కడే కావాలి, సూట్‌కేసు సర్దుకోవడమే మా తలరాతా అని వాళ్ళ గొడవ. తాతల సామెతకి మనవలు ఎదురు చెప్పడం, అదీ అదే ప్రాసలో, నాకు భలే నచ్చింది. పని జరుగుతుందా అంటే, ఇంకా జరగలేదు. పాలెర్మో, కతానియాల నుంచి మిలాన్ వెళ్ళే విమానాల్లో సీట్లు ఖాళీగా ఏమీ ఉండటం లేదు. ఆ మిలాన్‌లోనే ఇప్పుడు మన పిల్లలు కూడా చదువుకుంటున్నారు, వాళ్ళూ ఏదో ఒక సామెత వినే వెళ్ళి ఉంటారు.

నాకిచ్చిన టైమ్ దాటిపోయినట్టుంది, నిర్వాహకులు గడియారం చూస్తున్నారు. ప్రశ్నలుంటే అడగండి. ముందు వరసలో ఆ అమ్మగారు పియర్ పండు దగ్గర్నుంచీ చెయ్యెత్తి కూర్చున్నారు. మైకు ఆవిడకివ్వండి. చెప్పండమ్మా.